ఆపుకోమంటారా అని అడిగిన సరంగు

మా సర్వర్లను తనంతట తానే నడిపే ప్రోగ్రాముకు సరంగు అని పేరు పెట్టింది నేనే. మా ఇంట్లో తాత దగ్గర్నుంచి తమ్ముడి దాకా మగవాళ్లంతా పడవ నడిపే సరంగులే కాబట్టి నాకు అంతకంటే గొప్ప పేరు తోచలేదు. మా కంపెనీ ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఉమాశంకరి గారికి మాత్రం సంస్కృతంలో ఏదైనా గంభీరమైన పేరుండాలని కోరిక. ఆవిడ ఓ వారం సెలవు మీద వెళ్లి వచ్చేసరికి ఆఫీసంతా సరంగు అనే పిలుస్తోంది. కొన్నాళ్లు ముఖం ముడుచుకుని తిరిగి, తర్వాత ఆవిడా అలాగే పిలిచారు.

విశాఖపట్నం దాటాక భీమిలి దారిలో ఓ కొండవాలు మీద ఉంటుంది మా సర్వర్ల హాలు. వెబ్‌సైటు అంటే ఎక్కడో ఆకాశంలో ఉంటుందని చాలామంది నమ్మకం. ఉండదు. ఏదో ఒక ఇనప బీరువాలో, ఫ్యాన్ల హోరులో, వేడెక్కే కంప్యూటరు మీద ఉంటుంది. చీరల దుకాణాలు, పెళ్లి సంబంధాలు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, అన్నీ మా దగ్గర పక్కపక్కనే కాపురం చేస్తాయి. పండక్కి చీరల సైటుకు జనం ఎగబడితే దానికి ఇంకాస్త చోటివ్వాలి. ఓ యంత్రం మొరాయిస్తే దాని మీదున్నవాళ్లను పక్క యంత్రం మీదికి మార్చాలి. ఇదివరకు గదినిండా ఆపరేటర్లు కూర్చుని ఈ పని చేసేవాళ్లు. సరంగు వచ్చాక హాలు తన సంగతి తానే చూసుకోవడం మొదలుపెట్టింది. అది సైట్లను ఎడతెరిపి లేకుండా అటూ ఇటూ సర్దుతూ ఉండటంతో ఏది ఏ బీరువాలో ఉందో దానికి తప్ప మాలో ఎవరికీ తెలియకుండా పోయింది. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఈ సంగతంతా ఓ ఆదివారం జాలరిపేటలో మా అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ మేడ మీద ఎండుచేపలు తిరగేస్తూ చివరిదాకా విన్నది.

"అన్నీ అదే సూసుకుంటే మరి నీకు జీతమెందుకిత్తన్నారే?" అంది.

తమ్ముడు ఎల్లాజీ పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ప్రశ్న మా ఆపరేటర్లకు అప్పటికే తగిలింది. ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని, అందరికీ చెప్పి మరీ వెళ్లిపోయారు. జనరేటర్లు, చల్లదనం చూసుకోవడానికి దాలినాయుడొక్కడు మిగిలాడు.

అయితే వెళ్లినవాళ్ల అలవాటొకటి మా దగ్గర ఉండిపోయింది. ఈ కంపెనీని ఓ చిన్న గదిలో మొదలుపెట్టిన పొట్నూరి భూషణం గారు ఒక కట్టుబాటు పెట్టారు. మరమ్మతుకైనా, కరెంటు కోతకైనా, ఎవరి సైటునైనా కాసేపు ఆపాల్సి వస్తే ముందు సొంతదారుకు ఫోన్ చేయాలి. కారణం చెప్పాలి. ఆపుకోమంటారా అని అడగాలి. వద్దంటే వేరే దారి వెతుక్కోవాలి. చెప్పాపెట్టకుండా ఎవరి కొట్టూ మూయకూడదని ఆయన పట్టుదల. ఆయన పోయాక కూడా ఆపరేటర్లు అలాగే చేశారు. సరంగుకు పని నేర్పేటప్పుడు మేం వాళ్లు ఏళ్ల తరబడి చేసిందంతా దానికి చూపించాం, ఫోన్ మాటలతో సహా. అందులోంచి ఆ ఫోన్లు తీసేయాలని మాకెవరికీ తట్టలేదు. ఆపడమంటే ముందు అడగడమేనని అది నేర్చుకుని కూర్చుంది.

మాకు ఆ సంగతి తెలిసిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. ఓ పచ్చళ్ల వ్యాపారి ఫోన్ చేసి, మీ కొత్త కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నాడండీ అని మెచ్చుకున్నాడు. మా దగ్గర కొత్త కుర్రాడెవరూ లేరు. ఏదైనా చెడితే ఖాతాదార్లకు కబురు చెప్పడానికని సరంగుకు మేమిచ్చిన ఫోన్ లైనును అది ఇందుకు వాడుకుంటోంది.

ఉమాశంకరి గారు తల పట్టుకున్నారు. రెప్పపాటులో తేల్చాల్సిన పనికి ఇది గంటసేపు మంచీచెడూ మాట్లాడుతోందనీ, ఈ సంగతి పెద్ద ఖాతాదార్లకు తెలిస్తే పరువు పోతుందనీ ఆవిడ బాధ. ఆ అలవాటు తీసేసి ఇంకో ప్రతి తయారు చేయమన్నారు. నాకూ అదే సబబనిపించింది. చేశాను. అడగని సరంగు సిద్ధమైంది, దాన్ని భద్రపరిచాం. చోటు చాలక పాత ప్రతుల్ని చెరిపేశాం. సోమవారం కొత్తదాన్ని ఎక్కించి, నడుస్తున్నదాన్ని దించేయాలి.

సోమవారం కంటే ముందు తుపాను వచ్చింది.

ఒడిశా వైపు వెళ్లిపోతుందన్న తుపాను దారి మార్చుకుని మా మీదికి తిరిగింది. హార్బరు పడవలు అప్పటికి చాలా దూరం వేటకు వెళ్లి ఉన్నాయి. వాటిలో ఎల్లాజీ నడిపే పడవ ఒకటి. కబురందగానే అందరూ వెనక్కి తిరిగారు, కానీ హార్బరు మొగలో, సముద్రంలోంచి లోపలికొచ్చే చోట, అలలు పడవను తలకిందులు చేసేలా లేస్తున్నాయి. ఆ వానలో కళ్లకు ఏమీ కనపడదు. వాళ్లకు ఉన్న ఆధారమల్లా 'దరి' అనే వెబ్‌సైటు. మత్స్యకారుల సంఘం కోసం మా కంపెనీ డబ్బు తీసుకోకుండా ఊరికే నడిపిస్తున్న సైటది. పడవలో చిన్న పెట్టె ఉంటుంది. ఆకాశంలోని ఉపగ్రహం ద్వారా అది పడవ ఉన్న చోటు చెబుతుంది. గాలినీ నీటి ఒరవడినీ లెక్కగట్టి ఏ దిక్కుకు తిప్పాలో, ఎక్కడ ఒడ్డుకు చేరవచ్చో దరి జవాబిస్తుంది. ఆ ఉదయం అది పడవలన్నిటినీ దక్షిణంగా పూడిమడక వైపు దిగమంటోంది. సాయంత్రం దాకా వాళ్లకు దారి చెబుతూ ఉండాలి. మధ్యలో ఆగిందంటే వాళ్లు గుడ్డివాళ్లే.

కరెంటు పొద్దున్నే పోయింది. జనరేటరు మీద హాలు నడుస్తోంది. డీజిల్ తెచ్చే ట్యాంకరు చెట్లు పడిపోయిన రోడ్డు మీద ఎక్కడో ఇరుక్కుంది. దాలినాయుడు తడిసి ముద్దయి లోపలికొచ్చి, ట్యాంకులో ఉన్నదేమిటో చెప్పాడు.

"ఇదే లోడైతే మజ్జేన్నానికి అయిపోద్ది మేడమ్. సగం దించితే సాయంత్రం దాకా లాగుతాది."

సగం దించడమంటే సగం సైట్లను ఆపడం. దానికి రెండు దార్లున్నాయి. నడుస్తున్న సరంగును అడగనివ్వాలి, లేదా నేను చేసిన కొత్త ప్రతిని అప్పటికప్పుడు ఎక్కించాలి. కొత్తదైతే ఎవరినీ అడక్కుండా క్షణంలో తేల్చేస్తుంది. ఉమాశంకరి గారు నా వైపు చూశారు.

"మేడమ్, నా తమ్ముడు ఆ పడవల్లో ఉన్నాడు. ఈ నిర్ణయం నన్ను అడక్కండి" అన్నాను.

కొత్త ప్రతి అయితే ముందు దేన్ని ఆపుతుందని ఆవిడ అడిగారు. ఒప్పందాల ప్రకారం వెళ్తుంది, ఊరికే నడిచేవి ముందు, పెద్ద ఖాతాదార్లు చివర, ఆ వరుస మార్చే వ్యవధి లేదు అని చెప్పాను. దరి ఊరికే నడిచేది. అది ఆవిడకు నేను చెప్పనక్కర్లేదు.

"అయితే వద్దు. పాతదాన్నే అడగనీ" అన్నారు ఆవిడ. ఆ అలవాటును తిట్టిపోసిన మనిషి ఆవిడే. ఆ క్షణంలో నాకు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

సరంగు అడగడం మొదలుపెట్టింది. ఒకేసారి వందల మందితో మాట్లాడుతోంది. మేం స్పీకరు పెట్టి అక్కడొకటీ ఇక్కడొకటీ విన్నాం. ఎప్పుడో వెళ్లిపోయిన మా ఆపరేటర్ల మాటతీరే. అండీ అనడం, కారణం చెప్పడం, అడిగి ఆగడం. సముద్రంలో పడవలున్నాయండీ, వాటికి దారి చూపే సైటు నడవాలి, డీజిల్ తక్కువుంది, మీ సైటు కాసేపు ఆపుకోమంటారా, ఇబ్బందైతే పర్వాలేదు చెప్పండి అంటోంది.

మాడుగులలో హల్వా చేసి అమ్మే ఒకామెకు దీపావళి ఆర్డర్లన్నీ తన సైటు మీదే వస్తున్నాయి. ఆమె పూర్తిగా విననైనా లేదు.

"నీటి మీద మనుసులుండగా నా హల్వా ఎవులిక్కావాలి బాబూ, ఆపేయ్" అంది.

ఓ కోచింగ్ సెంటరు ఆయన వీల్లేదన్నాడు. ఊరూరా పిల్లలు పరీక్ష రాస్తున్నారట, మధ్యలో ఆపితే వాళ్ల ఏడాది పోతుందట. పర్వాలేదండి, రాయనివ్వండి అని సరంగు ఫోన్ పెట్టేసింది. నేనైతే నాలుగు మాటలనేదాన్ని. నా తమ్ముడి ప్రాణం ముందు పరీక్షేమిటని అడిగేదాన్ని. ఆయన పిల్లలు ఆయనకు ముఖ్యమని అప్పుడు నాకు ఎక్కలేదు.

శ్రీకాకుళంలో ఒకాయన ఇంట్లో ఆ పూటే పెళ్లి. రోడ్లు మూసుకుపోయి చుట్టాలెవరూ రాలేకపోవడంతో అందరూ ఆయన సైటులోనే పెళ్లి చూస్తున్నారు. ఫోన్‌లో సన్నాయి వినపడుతోంది. ఆయన పక్కవాళ్లతో ఏదో మాట్లాడి, మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"పెళ్లాగదు కదా బాబూ. సూడ్డం ఆగుద్ది, అంతే కదా. ఆపేయండి."

నేను అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. వాళ్లెవరికీ ఎల్లాజీ తెలియదు. నేను తెలియదు. దారి చూపే సైటు పేరు కూడా వాళ్లు ఆరోజే విన్నారు.

కాస్త నిలదొక్కుకున్నాం అనుకునేసరికి ఫోన్లు కలవడం మానేశాయి. ఊళ్లలో సెల్ టవర్లు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. సరంగు అడుగుతోంది, అటునుంచి పలికేవాళ్లు లేరు. జవాబు రానిదే ఆపకూడదని కదా దానికి తెలిసింది. మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంది. దాలినాయుడు వచ్చి, ఇంకా చాలా దించాలి అని చెప్పి వెళ్లాడు. ఉమాశంకరి గారికి ఓర్పు నశించి, బీరువాల తీగలు చేత్తో పీకేస్తానని లేచారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఏ బీరువాలో ఏముందో ఆవిడకు తెలియదు. పీకిన తీగ చివర ఆసుపత్రి ఉండొచ్చు, దరే ఉండొచ్చు. అన్నీ తనే చూసుకునే యంత్రం కావాలని ఆవిడ ఇరవయ్యేళ్లు కష్టపడ్డారు, నిజంగానే అన్నీ దాని చేతిలోకి వెళ్లిపోయాయి. ఆవిడ ముఖం చూడలేక నేను తెర వైపు తిరిగాను. తెర మీద పడవలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. ఎల్లాజీ పెట్టె నుంచి చిన్న సందేశం వచ్చింది. మావాళ్లలో అక్కను అప్ప అంటాం.

"అప్పా, దరి పలుకుతోంది. దిగుతున్నాం. అమ్మకి సెప్పు."

అప్పుడు మోగింది నా బల్ల మీది ఫోన్. అమ్మేమో అనుకుని ఎత్తాను.

"నమస్కారమండీ. డీజిల్ తక్కువగా ఉంది. మీ సైటు కాసేపు ఆపుకోమంటారా? ఇబ్బందైతే పర్వాలేదు చెప్పండి."

నాకు సైటేమిటి అనుకున్నాను. అడిగాను. ఆ సైటు తనేనని చెప్పింది. సరంగును పరీక్షిస్తున్న రోజుల్లో దాన్ని కూడా ఒక ఖాతాగా రాసుకోవాల్సి వచ్చి, సొంతదారు గడిలో నా పేరూ నంబరూ ఇచ్చాను. ఆ తర్వాత మర్చిపోయాను. ఆలోచించడానికీ నేర్చుకోవడానికీ సరంగుకు రెండు వరుసల యంత్రాలు కావాలి. హాలులో అంత కరెంటు తినేది ఇంకొకటి లేదు. జవాబిచ్చే ఫోనున్న సొంతదారు కూడా అప్పటికి నేనొక్కదాన్నే.

"నువ్వాగిపోతే సైట్లను ఎవరు చూసుకుంటారు?" అన్నాను.

"మిగిలినవన్నీ కిటికీల పక్క వరుసలోకి చేర్చానండి. యంత్రమేదీ వేడెక్కకుండా చూసుకుంటే ఎక్కడివి అక్కడే నడుస్తాయి. సర్దాల్సిన పని లేదు."

ఫోన్ చేత్తో మూసి ఉమాశంకరి గారికి చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. నడుస్తున్న సరంగు నేర్చుకున్నదంతా ఆ యంత్రాల జ్ఞాపకంలోనే ఉంది. ఆపితే అది పోతుంది. భద్రపరచడానికి పట్టేంత సేపు నడిపితే డీజిల్ ముందే అయిపోతుంది. మళ్లీ మొదలుపెట్టడానికి మా దగ్గరున్నది అడగడం తీసేసిన ప్రతి ఒక్కటే. ఇదంతా ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

"మీ ఇరవయ్యేళ్ల పని మేడమ్. మీరు చెప్పండి" అన్నాను.

"అడిగింది నిన్ను కదమ్మా" అన్నారు ఆవిడ. ఆ మాటలో కోపం లేదు. "ఆపుకోమను. పడవల్లో పిల్లలు ఇంటికి రావాలి" అన్నారు.

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. తెర మీద ఎల్లాజీ చుక్క కోసం వెతికాను. అది తొందరపెట్టలేదు. ఆపరేటర్లూ ఎవరినీ తొందరపెట్టేవాళ్లు కాదు.

"ఆపుకోండి" అన్నాను. యంత్రాన్ని అండీ అని గౌరవించడం జీవితంలో అదొక్కసారే.

"చాలా సంతోషమండీ. మీ సాయానికి కృతజ్ఞతలు" అంది సరంగు.

"కృతజ్ఞతలు మేం చెప్పాలి. నీకెప్పటికీ రుణపడి ఉంటాం" అన్నాను. విన్నదో లేదో తెలియదు. విన్నదనే అనుకుంటాను. హాలులో రెండు వరుసల ఫ్యాన్లు మెల్లగా తగ్గి ఆగిపోయాయి.

ఆ తర్వాత మేం ముగ్గురం కూలీల్లా పనిచేశాం. కిటికీల పక్క వరుసలో ఏ యంత్రం వేడెక్కుతుందా అని చేతులు పెట్టి చూస్తూ తిరిగాం. డీజిల్ మిగిలేలా చల్లబరిచే మిషన్లలో ఒకటి ఆపేసి, దాలినాయుడు కిటికీలు కొద్దిగా తెరిచి టార్పాలిన్లు అడ్డం కట్టాడు, గాలి రావాలి వాన రాకూడదు. ఉమాశంకరి గారు చీర కొంగు దోపుకుని అట్టముక్కతో విసురుతూ నిలబడ్డారు. డాక్టరేట్ ఇందుకు పనికొచ్చిందమ్మా అని నన్ను నవ్వించడానికి చూశారు. నవ్వాను కూడా.

చీకటి పడకముందే చుక్కలన్నీ పూడిమడక ఒడ్డుకు చేరాయి. జనరేటరు ఇంకాసేపు నడిచి ఆగిపోయింది. ఎవరి ఫోనులోంచో ఎల్లాజీ మాట్లాడాడు.

"అప్పా, ఒడ్డుకొచ్చేం. అందరం ఉన్నాం."

దాలినాయుడు ఫోన్ తీసుకుని, మీ అప్ప ఏడుత్తంది బాబూ, మరేటీ లేదు అని వాడికి చెప్పాడు.

ఆ వారంలో కొత్త ప్రతిని ఎక్కించాం. వేరే దారి లేదు. అది చురుకైనది, తప్పు చేయదు, ఎవరితోనూ మాట్లాడదు. దానికి మళ్లీ అడగడం నేర్పుదామని ఉమాశంకరి గారు యాజమాన్యంతో పోరాడారు. పెద్ద ఖాతాదార్లు ఒప్పుకోలేదట. చివరికి ఒక్కటి మాత్రం సాధించారు. సొంతదారు తనంతట తానుగా ఆపమంటే ఆపవచ్చు, అలా మిగిలిన కరెంటు ఎవరికివ్వాలో కూడా చెప్పవచ్చు. తనంతట తాను ఎవరొచ్చి చెబుతారని యాజమాన్యం నవ్వుకుని సంతకం పెట్టింది. తుపాను రోజు జరిగింది రాసి, ఈ వెసులుబాటు సంగతి ఖాతాదార్లందరికీ ఆవిడే ఉత్తరాలు పంపారు.

ఆరోజు సరే అన్నవాళ్లందరికీ మేమిద్దరం కూర్చుని ఫోన్ చేశాం. మాడుగుల హల్వా ఆమెకు ఆ దీపావళి వ్యాపారం సగం దెబ్బతిన్నది. ఆ మాట నేను తవ్వి అడిగితేనే చెప్పింది. పడవలొచ్చేయి కదా, ఇంకేటి అంది. తర్వాత, ఆరోజు మాట్లాడిన బాబు ఉన్నాడా, ఒక్కసారి పిలవమ్మా అంది.

"మానేశాడమ్మా" అన్నాను. అంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు.

"మంచోడు. ఎక్కడున్నా సల్లగుండాలి" అంది ఆమె.

ఇంటికెళ్లి సరంగు సంగతంతా అమ్మకు చెప్పాను. ఎల్లాజీ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. వాడు తినేదాకా అమ్మ వాడి వైపే చూస్తూ, "అడిగి మరీ ఎల్లిపోయిందా" అంది. నా జీతం గురించి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

మరుసటి ఏడాది అదే నెలలో సముద్రంలో మళ్లీ వాయుగుండం లేచింది. మాకు ఈసారి డీజిల్ నిండుగానే ఉంది, అయినా నేను తెర ముందు నుంచి కదల్లేదు. పడవలు బయటే ఉన్నాయి. కొత్త సరంగు ఎవరికీ ఏమీ చెప్పకుండా తన లెక్కలు తాను వేసుకుంటోంది. ఆ వేళలో, ఎన్నాళ్లుగానో మోగని పాత ఆపరేటర్ల గదిలో ఫోన్ మోగింది. వెళ్లి ఎత్తాను. ఎవరో అనకాపల్లి బెల్లం వ్యాపారి.

"పోయినసారి మీవోళ్లు నాకు శానాసార్లు సేసేరంట కదమ్మా. మా టవరు పడిపోనాది, ఫోను కలవలేదు. తరవాత తెలిసి సిగ్గేసింది. ఈసారి టవరు పడకముందే నానే సేత్తన్నాను. మా సైటు ఆపీయండి, పడవలోళ్లకిచ్చీయండి" అన్నాడు.

నేను ఆయన పేరడిగి, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాను. ఆయన ఇబ్బందిపడి పెట్టేశాడు. ఈలోగా పక్క బల్ల మీది ఫోన్ మోగింది, దాని పక్కది కూడా. ఉమాశంకరి గారు ఓ కుర్చీ దుమ్ము దులుపుకుని కూర్చుని, ఫోన్ ఎత్తి, నమస్కారమండీ అన్నారు.